బిస్సీ పెద్దమ్మ చెవి

పోయిన నెల మా గల్లీ మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ఫోటో పెద్దగా వేసి, చుట్టూ పూలు వేసి, కింద శ్రద్ధాంజలి అని రాయించారు. ఫోటోలో ఆమె నవ్వుతున్నది. ముప్పై ఏళ్ళు ఆమె పక్కన కూర్చున్నాను, ఫోటో కోసం నవ్వగా ఎన్నడూ చూడలేదు. ఎవరి పెళ్ళిలోనో తీసినదాన్ని కత్తిరించి పెట్టి ఉంటారు. పేరు రాయించడానికి పోతే గల్లీలో ఎవరికీ ఆమె పేరు తెలియదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఆ పేరంటే ఆమెకు పడేది కాదు. చివరికి బిస్సీ పెద్దమ్మ అనే రాశారు. నేనూ అంతే రాస్తాను.

బిస్సీ అంటే ఏమిటో మరాఠీ నేల మీది మా భివండి బయటివాళ్ళకు చెప్పాలి. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి సాంచాల మీద పనికి వచ్చిన ఒంటి మగవాళ్ళు రెండు పూటలా తినే ఇల్లు అది. హోటలు కాదు, బోర్డు ఉండదు. పది పదిహేను మందికి ఒక ఆడమనిషి వండి పెడుతుంది. సాంచా అంటే మరమగ్గం. తెలుగువాళ్ళ పేట పద్మనగర్‌లో మా సాంచాల షెడ్డూ, ఆమె బిస్సీ ఒకే గోడకు అటూ ఇటూ. నేను షెడ్డులో కండెలు చుట్టేదాన్ని. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు. మధ్యాహ్నం పని తెరిపివ్వగానే వచ్చి ఆమె దగ్గర ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చునేదాన్ని. సాంచాల చప్పుడుకు గోడ మీది గిన్నెలు సన్నగా వణుకుతుండేవి. ఆ చప్పుడులో కూడా ఎవడేం గొణిగాడో ఆమెకు వినపడేది.

కొత్తగా ఎవరు తినడానికి వచ్చినా ఆమె పళ్ళెం పెట్టేది, అందులో ఏమీ వేసేది కాదు. గంటె పట్టుకుని ఎదురుగా నిలబడేది. ముందు మాట్లాడు, తర్వాత బువ్వ. ఏం కావాలో అడుగు అనేది. ఇంట్లో ఎవరెవరున్నారు అనేది. వాడు నాలుగు మాటలు మాట్లాడేసరికి నువ్వు ఫలానా దిక్కువాడివి అని చెప్పి అప్పుడు వడ్డించేది. తండ్రిని బాపు అన్నాడా, నాయినా అన్నాడా, అయ్యా అన్నాడా అన్నది మొదటి లెక్క. ఆ తర్వాత కూరగాయలు. ఆ తర్వాత రొట్టెలు. జిల్లా ఎవరైనా చెబుతారు, ఆమె వాగుకు ఇవతలా అవతలా అని కూడా చెప్పేది. ఎక్కువసార్లు నిజమే అయ్యేది. కానప్పుడు, మీ తాత ఎక్కడివాడో కనుక్కొని రా పో అని ఆ పిల్లవాణ్ణే తప్పు పట్టేది.

ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఆమెది సిరిసిల్ల దిక్కు, ఆ దిక్కువాళ్ళనైతే బాగా చూస్తుందని ఎవరో చెప్పి పంపారు. వచ్చీ రాగానే మాదీ సిరిసిల్లే పెద్దమ్మా అన్నారు. ఆమె ఏమీ అనకుండా బుట్టలో కాయను చూపించి ఇదేంది అన్నది. పెద్దవాడు సొరకాయ అన్నాడు.

"సిరిసిల్లల దాన్ని ఆనిగెపుకాయ అంటరు. మీది సిద్దిపేట దాటినంక, అవునా?"

పెద్దవాడు తల వంచుకున్నాడు. చిన్నవాడు నవ్వాడు.

"అబద్ధమాడినందుకు ఏం లేదు. ఊరిని దాసిపెట్టినందుకు ఈ పూట మీకు తొక్కు ఉండది" అని ఉత్త పప్పుతో పెట్టింది. వాళ్ళు ఆరేళ్ళు ఆమె దగ్గరే తిన్నారు.

ఇంకోసారి ఒక శుక్రవారం, సాంచాలు బంద్ ఉన్న రోజు, బియ్యప్పిండితో రొట్టె చేసింది. పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె. దాన్ని సర్వపిండి అనాలని ఒకడు, గిన్నెప్ప అనాలని ఒకడు, తపాలచెక్క అనాలని ఒకడు జగడం పెట్టుకున్నారు. మాట మీద మాట పెరిగి పళ్ళాలు పక్కకు జరిగాయి. ఆమె వచ్చి, పేరు ఎవని ఇష్టం వానిది, నడుమ తూట్లు మాత్రం వేలితోనే పొడవాలె, మీలో ఎవనికన్న వచ్చునా అని అడిగింది. ఎవరికీ రాదు. మూసుకుని తిన్నారు.

తన మాట అచ్చ తెలుగని ఆమె గొప్ప. నిజానికి ఆమె నోట్లో అన్నీ ఉండేవి. అద్దెకు భాడె, గదికి ఖోలీ, పనికి ధందా, జీతానికి పగార్, సెలవుకు సుట్టీ, అన్నీ. నీళ్ళు వదిలేవాడితో మరాఠీ, కట్టెల అడితివాడితో హిందీ, రెండూ తెలుగు దరువులోనే. అవన్నీ తెలుగే అనుకునేది. మా గల్లీ మాట కూడా అట్లాంటిదే. ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చూడరు. పని చేయనివాణ్ణి మూలకు పెట్టిన కండె అంటాము. ఎక్కువ వాగేవాణ్ణి వాని నాడె ఆగదు అంటాము. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోతే ఎల్లయ్య బర్రె పన్నది అంటాము. పన్నది అంటే పడుకున్నది. కరెంటు వస్తే బర్రె లేచింది అంటాము. మా షెడ్డులో ఉత్తర్‌ప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా భైంస్ సో గయీ అని బీడీ ముట్టించుకుని బయటికి వచ్చేవాళ్ళు. ఆమె కూడా గోడ ఇవతల నుంచి అదే మాట అని, పొయ్యి మీద కూరను కిందికి దించేది. కరెంటు పోయిందంటే మొగవాళ్ళు ముందే తినడానికి వస్తారు కదా.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. మందిరం పక్క గదిలో ఆడవాళ్ళకు చెప్పేవారు, పోయాను. ఆమెను కూడా రమ్మన్నాను. నాకు వినుడు వస్తది, రాసుడు నువ్వు నేర్చుకో అన్నది. నా పలక చూసి, కండ్లు మసకలయ్యే యేళ్ళకు పట్టినవు అని ఎగతాళి చేసింది. చేయనీ. నేను మానలేదు.

ఇక రాజన్న సంగతి. ఐదారేళ్ళ కిందటిది.

రాజన్న మా షెడ్డులోనే నాలుగు సాంచాలు నడిపేవాడు. ఆమె బిస్సీలో తొమ్మిదేళ్ళు తిన్నాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. మాట తక్కువ. పళ్ళెం కడిగి బోర్లించి పోయేవాడు, అట్లా కడిగేవాడు ఆ బిస్సీలో అతనొక్కడే. ఊరికి పోయేవాడు కాదు. దసరాకు అందరూ బస్సులెక్కి పోతే అతను, ఆమె, నేను మిగిలేవాళ్ళం. ఫోను పెట్టుకోలేదు. ఎందుకని అడిగితే ఎవలన్న చేస్తరు అన్నాడు.

ఒకరోజు పొద్దున తెగిన పోగు అతుకుతూ సాంచా మీదికి వంగినవాడు వంగినట్టే ఒరిగిపోయాడు. నేను చూస్తుండగానే. జాబర్ పరుగెత్తి వచ్చి సాంచా బంద్ చేశాడు. జాబర్ అంటే సాంచాలు మరమ్మతు చేసేవాడు, షెడ్డులో అందరికంటే బుద్ధి ఉన్నవాడు అతనే. రిక్షాలో వేసి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. ప్రాణానికి భయం లేదన్నారు.

భయం వేరే ఉంది. ఇంటివాళ్ళు ఎవరని దవాఖానలో అడిగారు. ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డు మీద ఇంటిపేరు లేని రాజన్న, మా షెడ్డు చిరునామా, అంతే ఉంది. సేటు దగ్గర రాజన్న అని ఒక్క ముక్క. పద్మనగర్‌లో రాజన్నలు గల్లీకి నలుగురు. తల్లిదండ్రుల గురించి, ఊరి గురించి అతను తొమ్మిదేళ్ళలో ఒక్క మాట చెప్పలేదు. వచ్చిన రోజు పెద్దమ్మ గంటె పట్టుకుని అడిగినా పెదవి విప్పకపోతే ఊరికే వడ్డించింది, ఆ తర్వాత ఎవరూ అడగలేదు. చెప్పనివాణ్ణి ఇక్కడ అడగరు, అదొక మర్యాద. ఇంక మూడు వారాలు ఉంచుతాము, ఆలోగా ఎవరూ రాకపోతే దిక్కులేనివాళ్ళ ఇంటికి పంపిస్తాము అన్నారు. ఠాణా పట్నం అవతల ఎక్కడో ఉందట. అక్కడికి పోయినవాడు మళ్ళీ ఎవరికీ కనపడడు. మా గల్లీ మొగవాళ్ళకు చావు కంటే దానికే భయం.

ఆమెకు ఆ మాట చెబితే గంటె కింద పెట్టలేదు.

"దీనికేంది. నేను చెప్తగద ఊరు."

ఆ సాయంత్రం బిస్సీలో తినేవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. రాజన్న దేన్ని ఏమనేవాడో ఒక్కొక్కరూ చెప్పమన్నది. నీ అచ్చరాలు ఇప్పుడు పనికొస్తయి, రాయి అని నా మీద పడింది. రాశాను. గిన్నె రొట్టెను తపాలచెక్క అనేవాడు. తండ్రి మాట అతని నోట ఎవరూ వినలేదు. కాయను సొరకాయ అనేవాడు. ఇట్లా ఒక పేజీ నిండా అయ్యాయి. అన్నీ తిండి మాటలే. ఆమె అడిగినవే అవి. నన్ను చదవమన్నది, కళ్ళు మూసుకుని విన్నది. మధ్యలో ఒకడు పెద్దమ్మా, ఆయన ఇంకొకటి కూడా అనేవాడు అని మొదలుపెడితే చేతితో ఆపింది. చాలు అన్నది.

"నల్లగొండ. అండ్ల చౌటుప్పల్ దిక్కు. మొగ్గం పని ఉన్న ఊరు."

ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

మా పక్క పేట కామత్‌ఘర్‌లో నల్లగొండవాళ్ళు కొందరున్నారు. జాబర్ పోయి వాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళు మంచివాళ్ళు. ఊరూరికీ ఫోన్లు చేశారు. ఏళ్ళుగా జాడ లేని రాజన్న ఎవరింటివాడని అడిగారు. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. లేడన్నారు. జాబర్ వచ్చి, పెద్దమ్మా, వేరే దిక్కు కూడ అడుగుదామా అన్నాడు. ఆమె కోపం చేసింది. నా చెవి ముప్పై ఏండ్లది, నువ్వు చౌటుప్పల్ అయినంక భువనగిరి దిక్కు అడుగు అన్నది. అడిగాడు.

నేను రెండు రోజులకొకసారి దవాఖానకు పోయి గంజి తాగించి వచ్చేదాన్ని. రాజన్న ఎడమ చేత్తో గిన్నె పట్టుకునేవాడు. నీ ఊరేది రాజన్నా అని చెవి దగ్గర అడిగితే నోరు తెరిచేవాడు, ఏదో గాలి వచ్చేది, మూసుకునేవాడు. రాయమని పెన్సిలు ఇచ్చి చూశాను. అతనికి అక్షరాలు రావు. ఊర్ల పేర్లు ఒక్కొక్కటి చెబితే తల ఊపుతాడేమో అని అదీ చూశాను. అన్నింటికీ ఊపాడు.

ఎనిమిదో రోజు ఒక ఆమె వచ్చింది. చౌటుప్పల్ దిక్కు నుంచి, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. ఆమె మొగుడు పదకొండేళ్ళ కింద భివండిలో పనిచేస్తూ కనపడకుండా పోయాడు. ఫోను విని బస్సెక్కింది. పేరు రాజన్న కాదు, అయినా ఇక్కడ పేరు మార్చుకున్నాడేమో అనుకుని వచ్చింది. బిస్సీ పెద్దమ్మ తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని ఆమెను తీసుకుని దవాఖానకు వచ్చింది. నేనూ పోయాను. ఆ ఆడమనిషి మంచం దగ్గరికి పోలేదు. గది వాకిట్లో నుంచే చూసి, కాడు అన్నది. అంత దూరం నుంచి ఎట్లా చెబుతావు, దగ్గరికి పోయి చూడు అని బిస్సీ పెద్దమ్మ అన్నది.

"కాడమ్మా. మా ఆయనకు చెవులు పెద్దయి" అన్నది ఆమె.

బిస్సీకి తీసుకువచ్చి అన్నం పెట్టాము. ఆమె రెండు ముద్దలు తిన్నదో లేదో కరెంటు పోయింది. గోడ అవతల చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. ఎల్లయ్య బర్రె పన్నది అని నేను అన్నాను, అలవాటుగా.

"ఎవరి బర్రె?" అని అడిగింది ఆమె.

ఇది మా భివండి మాట, కరెంటు పోతే ఇట్లా అంటాము అని బిస్సీ పెద్దమ్మ చెప్పింది. ఆమె ముద్ద కలుపుతూ ఆగింది.

"మా ఆయన గూడ భివండిలనే చేసిండు. పద్మనగర్లనే. సెలవుకు ఇంటికొస్తే అన్ని గీడి మాటలే మాట్లాడేది. గీ మాట ఎన్నడు అనలే."

ఆమె ఏదో ఉబుసుపోకకు అన్న మాట అది. నాకు మాత్రం పట్టుకున్నది. ఈ మాట మేము ఎప్పటినుంచి అంటున్నాము? నా పెళ్ళి నాటికి లేదు. నా పెద్ద బిడ్డ పెళ్ళి నాటికి కూడా లేదు. అప్పుడు కరెంటు పోతే లైట్ గయీ అనేవాళ్ళమే. మా షెడ్డులో ఆ మాట మొదట అన్నది ఎవరు? సాంచా పక్కన బీడీ ముట్టించుకుంటూ, ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు, ఎల్లయ్య బర్రె పన్నది అని. అందరూ నవ్వారు. ఎవడా ఎల్లయ్య అని అడిగితే అతను కూడా నవ్వి ఊరుకున్నాడు. రాజన్న.

బిస్సీ పెద్దమ్మకు చెప్పాను. గది మన గల్లీ మాట గదనే, నేను కూడ అంట అన్నది. నువ్వు అతని దగ్గరే నేర్చుకున్నావు పెద్దమ్మా, నేనూ అతని దగ్గరే నేర్చుకున్నాను అన్నాను. ఆమె గంటె కింద పెట్టింది. ఆ రోజు ఎవరో ఇంకొకటి కూడా అనేవాడు అని మొదలుపెడితే ఆపింది చూడండి, ఆ పిల్లవాణ్ణి పిలిపించింది. ఆ రోజు ఏం చెప్పబోయినవురా అని అడిగింది. గిదే పెద్దమ్మా, ఎల్లయ్య బర్రె అన్నాడు.

జాబర్ ఫోనులో ఆమె గొంతు ఎక్కించాడు. నేను పక్కనే ఉన్నాను. ఆమెకు ఫోనుతో మాట్లాడడం రాదు, ఎదురుగా మనిషి ఉన్నట్టు గట్టిగా మాట్లాడింది.

"నేను భివండి పద్మనగర్ల బిస్సీ నడిపేదాన్ని. మా దగ్గర రాజన్నని ఒక మనిషి పక్షవాతమొచ్చి దవాఖానల ఉన్నడు. మాట వడిపోయింది. కరెంటు వోతె ఎల్లయ్య బర్రె పన్నది అనేటోడు. ఆ ఎల్లయ్య ఎవలు, ఆ బర్రె ఏ ఊళ్ళె పన్నది, ఎరుకున్నోళ్ళు చెప్పండ్రి. మనిషి మంచోడు. తోలుకపోను ఎవలన్న రావాలె."

జాబర్ దాన్ని తనకు తెలిసిన అందరికీ పంపాడు. నార్పోలివాళ్ళకు, కామత్‌ఘర్‌వాళ్ళకు, సూరత్‌లో ఉన్నవాళ్ళకు. వాళ్ళు ఇంకా ఎవరెవరికో పంపారు. రెండో రోజు మధ్యాహ్నం జాబర్ ఫోను మోగింది. మస్కట్ నుంచి. ఫోను చేసినవాడు ముందు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎల్లయ్య మా తాతనే. బర్రెను నేను సూడలే. తొవ్వ నడుమ పంటె ఎవలు లేపినా లేవకపోయేదట. దానికి బుద్ధి పుట్టినప్పుడే లేసేదట. మా ఊళ్ళె ఏది ఆగినా గట్లనే అంటం. మీకెట్ల ఎరుక?"

తర్వాత రాజన్న మాట చెబితే నవ్వు ఆగింది. జగిత్యాల అవతల వాళ్ళ ఊరు. రాజన్న ఇల్లు వాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతల. అక్క ఊళ్ళోనే ఉంది, ఇప్పుడే చెప్తానన్నాడు.

నల్లగొండ మాటలు ఎట్లా వచ్చాయంటే, అది జాబర్ ఫోను విన్న షోలాపూర్‌వాళ్ళ దగ్గర కనుక్కున్నాడు. రాజన్న ఇల్లు వదిలి మొదట షోలాపూర్ పోయాడు. అక్కడ సాంచా నేర్పిన ఉస్తాద్‌ది నల్లగొండ దిక్కు. నేర్చుకునే కుర్రవాడు ఉస్తాద్ ఇంట్లోనే తినాలి, అక్కడి పద్ధతి అది. పదేళ్ళు ఆ ఇంటి కూడు తిన్నాడు. రొట్టె అడగాలంటే ఆ ఇంటి ఆడవాళ్ళకు అర్థమయ్యేట్టు అడగాలి. బిస్సీ పెద్దమ్మ అదంతా విన్నది. తర్వాత, తిండి పేర్లు తిండి వెట్టినోళ్ళయి, ఇంతమందికి వండి పెట్టిన, గది నాకు తట్టలే అన్నది.

మూడో రోజు పొద్దున రాజన్న అక్క వచ్చింది. వెంట కొడుకు. జగిత్యాల నుంచి భివండికి నేరుగా బస్సుంది, పదహారు గంటలు. చేతుల్లో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. నేను దవాఖానకు తీసుకుపోయాను. రాజన్న ఆమెను చూసి మొహం గోడకు తిప్పుకున్నాడు. ఆమె ఏడవలేదు. తమ్మీ అని ఒక్కసారి పిలిచి, మంచం మీద కూర్చుని, అతని ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసి, గోర్లు కత్తిరించేది ఉన్నదా అని నన్ను అడిగింది. పక్క మంచంవాళ్ళ దగ్గర తెచ్చి ఇచ్చాను. పది వేళ్ళ గోర్లూ తీసింది. ఐదో వేలికి వచ్చేసరికి అతను మొహం ఇటు తిప్పాడు.

బయటికి వచ్చాక చెప్పింది. వాళ్ళ అవ్వ పోయి ఆరొద్దులు. దినాలు కాకముందే బయలుదేరి వచ్చింది.

నేను వేళ్ళ మీద లెక్క పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. రాజన్న పడిపోయిన ఐదో రోజు ఆ తల్లి పోయింది. మేము అప్పుడు చౌటుప్పల్ అయిపోయి భువనగిరి దిక్కు అడుగుతున్నాము.

ఇది బిస్సీ పెద్దమ్మకు చెప్పవద్దు అనుకున్నాను. రాజన్న అక్కే చెప్పింది, అన్నం ముందు కూర్చుని, మామూలు మాటలా. అవ్వ చివరిదాకా పెద్దకొడుకు ఎక్కడున్నాడో అనేదట. తిట్టిందని ఇల్లు వదిలిపోయాడట రాజన్న. ఏం తిట్టిందో అవ్వకే గుర్తు లేదట. బిస్సీ పెద్దమ్మ పప్పు వేస్తూ వింటున్నది. పూర్తిగా విన్నది. గిన్నె కింద పెట్టి, వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నది. ముప్పై ఏళ్ళలో తినేవాళ్ళ ఎదురుగా ఆమె కూర్చోగా నేను చూడడం అదొక్కసారే.

"బిడ్డా, మీ తమ్ముడు వడ్డ నాడే మాట వంపితే మీ అవ్వ ఉన్నప్పుడే అందు. నేనే వేరే దిక్కు వట్టించిన. ఎనిమిది దినాలు. గీ పొల్లగాడు వేరే దిక్కు అడుగుదామన్నా ఇనలే. ఇంకెవలది తప్పు లేదు."

జాబర్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి చూపింది. ఊరుకున్నాడు.

రాజన్న అక్క పళ్ళెంలో అన్నం కలుపుకున్నది. తర్వాత అన్నది.

"నువ్వు ఎనిమిది దినాలు తప్పు ఎతికినవు పెద్దమ్మా. మేము ఇరవై మూడేండ్లు ఎతుకనే లేదు."

అంతే. అన్నం తిన్నది, పళ్ళెం తనే కడిగి బోర్లించింది. మరునాడు దవాఖానలో కాగితాల మీద వేలిముద్ర వేసి, జీపు మాట్లాడుకుని, తమ్ముణ్ణి వెనక సీటులో పడుకోబెట్టుకుని తీసుకుపోయింది. రాజన్న ఇంకో రెండేళ్ళు బతికాడు. వాళ్ళ ఇంట్లోనే పోయాడు. మస్కట్ అతనే ఫోను చేసి చెప్పాడు.

ఆ తర్వాత బిస్సీకి కొత్తవాళ్ళు వస్తే ఆమె పళ్ళెం పెట్టి వెంటనే వడ్డించేది. కూరను వాళ్ళు ఏమన్నా ఊరుకునేది. తెలిసినవాళ్ళు, పెద్దమ్మా, వీనిది ఏ ఊరో చెప్పు అని ఆట పట్టించబోయేవాళ్ళు. వాన్నే అడుగుండ్రి, నోరున్నది గద అనేది. నిజంగానే అడిగించేది. ఊరు, తండ్రి పేరు, అక్కాచెల్లెళ్ళను ఎక్కడిచ్చారు, అన్నీ. చెప్పనంటే రేపటినుంచి అన్నం పెట్టనని బెదిరించేది. మర్యాద గిర్యాద చూసేది కాదు. అవి రాయడం నా పని.

పోయిన ఏడాది ఆమెకు మోకాళ్ళు పట్టి బిస్సీ మానేశాక, ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాము. చూపు లేదు, వేళ్ళతోనే ఏరుతున్నది. నేను ఊరుకోలేక అడిగాను. ఆ రాజన్న అక్క అంత మాట అన్నది గదా, ఇంకా ఎందుకు నెత్తిన పెట్టుకుంటావు అని. రాయి ఒకటి తీసి పక్కన పెట్టింది.

"ఆ పొల్ల మంచిది, గందుకే గట్లన్నది. వాళ్ళు ఎతుకకపోవుడు వాళ్ళ సంగతి. ఎనిమిది దినాలు మాత్రం నాయే."